ఇంటర్‌లో బొమ్మలకు చోటేది?

పదో తరగతి ఫలితాలు రాగానే మన ఇళ్లలో వినిపించే ప్రశ్న ఒక్కటే: ఎంపీసీనా, బైపీసీనా? నోటుపుస్తకం అంచుల నిండా బొమ్మలు గీసే పిల్లకూ అదే ప్రశ్న. హైదరాబాద్‌లోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం జేఎన్ఏఎఫ్ఏయూలో చిత్రకళ డిగ్రీ బీఎఫ్ఏలో చేరడానికి ఇంటర్ ఏ గ్రూపైనా ఫరవాలేదు. కానీ ప్రవేశ పరీక్షలో బొమ్మ గీసి చూపించాలి. ఉదయం నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో కూర్చునే పిల్లలకు ఆ చేయి ఎప్పుడు తిరుగుతుంది?

సీబీఎస్ఈలో 11, 12 తరగతులకు పెయింటింగ్ ఒక సబ్జెక్టు. థియరీకి 30 మార్కులు, ప్రాక్టికల్‌కు 70. ఎదురుగా పెట్టిన కూజానో పండునో చూసి గీయాలి, సొంతంగా కంపోజిషన్ చేయాలి, ఏడాది పొడుగునా వేసినవి దాచి చూపించాలి. పాఠాల్లో దక్కనీ సూక్ష్మచిత్రాలూ ఉన్నాయి. అంటే గోల్కొండ చిత్రకళ గురించి ఢిల్లీ పిల్లలు చదువుకుంటారు. కోటకు కూతవేటు దూరంలో ఎంపీసీ చదివేవాడికి దాని ఊసే ఉండదు. ఇది నాకు మింగుడుపడదు.

ఒకప్పుడు చిత్రకారుడు దామెర్ల రామారావును రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర గుర్తించి ప్రోత్సహించబట్టి, ఆయన బొంబాయి జేజే స్కూలు దాకా వెళ్లగలిగాడు. 28 ఏళ్లు నిండకుండానే 1925లో కన్నుమూసినా, అప్పటికే రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టాడు. ప్రతి ఊరికీ ఒక కూల్డ్రే దొరకడు కదా! అందుకే ఇంటర్ బోర్డులు చిత్రకళను ఐచ్ఛికంగానైనా పెట్టాలని మా వాదన.

వేసిన బొమ్మలను పోర్ట్‌ఫోలియోగా కూర్చుకునే పద్ధతి గురించి ఈ సంచికలో ప్రత్యేక వ్యాసం ఇస్తున్నాం. తల్లిదండ్రులూ చదవండి.