దొడ్డివాకిలి ఎందుకు ఇరుకుగా ఉండాలి?

మన భాషలో ‘దొడ్డి’ అన్న మాటకు పట్టిన గతి చూస్తే జాలి వేస్తుంది. ఇంటి వెనుక జాగా, పశువులను కట్టే చోటు అన్న అర్థాలతో హాయిగా బతికిన మాట, ‘దొడ్డికి వెళ్ళడం’ దగ్గర మైలపడి, ‘దొడ్డిదారి’ దగ్గర అక్రమానికి మారుపేరై కూర్చుంది. మా ఆదోని 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. అందుకని మా పెద్దవాళ్ళు కన్నడం కలిపి ‘హిత్తల బాగిలు’ అనేవారు. ఏ భాషలో పిలిచినా వాకిలి మాత్రం అదే. రెండున్నర అడుగుల వెడల్పు, తల వంచితే తప్ప దాటలేని ఎత్తు, లోపల ఒక అడ్డగడియ.

కిందటి చలికాలంలో ఆ తలుపు పీకేసి, పక్కకు జరిపే ఆరడుగుల గాజు తలుపును నా చేతులతో బిగించుకున్నాను. (‘జారుడు తలుపు’ అందామంటే బడిలోని బల్ల గుర్తుకొస్తోంది. మిత్రులెవరైనా మంచి మాట చెబితే స్వీకరిస్తాను.) చూసినవారిలో సగంమంది మెచ్చుకున్నారు, సగంమంది చీవాట్లు పెట్టారు. చీవాట్లు పెట్టినవారి కోసమే ఈ టపా.

వెనుక వాకిలి పెద్దదైతే ఇంటికి అరిష్టమని ఒక పెద్దాయన అన్నారు. శాస్త్రం సంగతి నాకు తెలియదు కానీ, మా వాకిలి ఎందుకు ఇరుకైందో మాత్రం తెలుసు. మా ఇళ్ళ వెనుక ఒక సందు ఉంది. ఇప్పుడక్కడ మోటారు సైకిళ్ళు నిలుపుకుంటున్నారు. నా చిన్నతనంలో అది పాకీ సందు. ప్రతి ఇంటి మరుగుదొడ్డికీ ఆ వైపు ఒక గూడు, దానికొక రేకు మూత. తెల్లవారకముందే ఒక స్త్రీ తట్టా చీపురూ పట్టుకుని వచ్చి, ఎత్తుకుని, వెళ్ళిపోయేది. ఆమె పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నేనూ అడగలేదు. పండుగనాటి అన్నం కూడా ఆ తలుపులోంచే, చేయి తగలకుండా పైనుంచి వేసేవారు.

ఆ పని చేయించడాన్ని నిషేధిస్తూ పార్లమెంటు 1993లో ఒక చట్టం, 2013లో మరింత గట్టి చట్టం చేసింది. ఈ పనిని రూపుమాపడానికి పోరాడి 2016లో రామన్ మెగసెసే పురస్కారం అందుకున్న బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల దగ్గర, ఇదే పని చేసిన కుటుంబంలో పుట్టినవారు. మా సందులో ఆ పని ఎప్పుడో ఆగింది. వాకిలి మాత్రం అంతే ఉండిపోయింది. ఆ సందు ఇంటికి కనబడకూడదని, ఇల్లు ఆమెకు కనబడకూడదని పెట్టిన ఇరుకు అది. దానికి శాస్త్రం పేరు తరవాత తగిలించాం. ఇంటి ఆడవాళ్ళకూ అదే కొలత. అంట్లు, చాకిరేవు బండ, నెలకు మూడు రోజులు వేరుగా కూర్చోవడం, అన్నీ ఆ గడప అవతలే కదా!

దొంగల భయం అన్నవారికి సమాధానం సులువు, లోపలివైపు ఇనుప జాలీ పెట్టాను. ఎండ అన్నవారి మాటలో న్యాయముంది. మే నెలలో మా ఊరు నలభై డిగ్రీలు దాటుతుంది. మా పెరడు ఉత్తరం వైపు కనుక సరిపోయింది. పడమటి గోడ అయితే ఈ పనికి నేనే వద్దంటాను.

ఇక గోడ సంగతి. నన్ను నిజంగా భయపెట్టింది ఇదొక్కటే. మాది రాతిని మట్టితో పేర్చి కట్టిన రెండడుగుల గోడ. దాని మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద చవుడు మిద్దె. వాన కారినప్పుడల్లా తాతల కాలం నుంచి కొత్త చవుడు పోస్తూ వచ్చారు కానీ పాతది తీసినవారు లేరు. ఆ బరువంతా గోడ మోస్తోంది. గడ్డపార అందుకుని గోడ పగలగొట్టడం మొదలుపెడితే తలుపు కంటే ముందు మిద్దె దిగివస్తుంది. అందుకని ఆ భాగం మాత్రం బేల్దారి మేస్త్రికి అప్పగించాను. ఆయన ముందు దూలాల కింద పోట్లు పెట్టించారు. గోడ మందంలో బయటి సగం మాత్రమే తొలిచి ఒక ఇనుప దూలం దూర్చి, అది కుదురుకున్నాక లోపలి సగం తొలిచి రెండోది దూర్చారు. రెండు కొసలా అడుగు చొప్పున గోడలో కూర్చున్నాయి. ఆ తరవాతే కింద రాళ్ళు తీశారు. స్వయంగా చేయడం అంటే అన్నీ స్వయంగా చేయడం కాదని నాకు ఆ వారంలో తెలిసింది. కూలివాడి పొట్ట కొట్టానన్న మిత్రుడికి ఇది కూడా జవాబే.

మిగిలింది నా పని. పాత గోడలో మూల మట్టమన్నది ఉండదు. వెడల్పు మూడుచోట్ల కొలిచి, అన్నిటికంటే తక్కువదాన్ని తీసుకున్నాను. మూల నుంచి మూలకు రెండు కొలతలూ సమానమయ్యేదాకా చట్రాన్ని జరిపాను. టఫెన్డ్ గాజును ఒకసారి గట్టిపరచాక కోయడం కుదరదు, కోస్తే నూకలైపోతుంది. అందుకే కొలత రాసుకునేటప్పుడు చేయి వణికింది. ఆరు మిల్లీమీటర్ల మందం, ఒక్కో రెక్కలో గాజే దాదాపు ముప్ఫై కిలోలు. అంత బరువూ కింది పట్టా మీద చిన్న చక్రాలు మోయాలి. పట్టా ఏమాత్రం వాలినా రెక్క దానంతట అదే నడుస్తుంది. పైగా మాది నల్లరేగడి, వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. కాబట్టి సిమెంటు పూత మీద కాక, కింద కాంక్రీటు వేసి, దానిపైన ఒకే బండ పరిచి, రసమట్టం పెట్టి, దాని మీద పట్టా బిగించాను. ఆషాఢం గాలికి దుమ్మూ దూది పీచూ పట్టాలో చేరుతాయి. వారానికోసారి పాత పళ్ళ బ్రష్షుతో తీయాలి. ఈ సంగతి అమ్మేవారెవరూ చెప్పరు.

ఈ ఉత్సాహంలో ఎమ్మిగనూరు వెళ్ళి మా మేనమామకూ ఇదే సలహా ఇచ్చాను. మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘం స్థాపించిన ఊరు అది. మామ ఇంట్లో గుంట మగ్గం ఇంకా ఆడుతోంది, వెలుతురు గవాచి నుంచి వస్తుంది. “ఒరే, వెలుతురు నాకూ కావల్ల. కానీ అంత వాకిలి తెరిస్తే ఎండాకాలం పొడిగాలి లోపలికొచ్చి పడుగు పోగులు పటపటా తెగిపోతాయి. తెగిన పోగు అతకడానికి నువ్వొస్తావా?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మగ్గం ఉన్న గదికి ఇరుకు వాకిలే సరైనదని ఒప్పుకుంటున్నాను. ఆ ఇరుకుకు కారణం నూలు, మా ఇరుకుకు కారణం మనిషి.

ఇప్పుడు అమ్మ పొద్దున్నే ఆ గాజు పక్కన కుర్చీ వేసుకుని కరివేపాకు చెట్టు చూస్తూ కాఫీ తాగుతోంది. అయితే నలభై ఏళ్ళ అలవాటు కొద్దీ, చేయి కడిగిన నీళ్ళు కూర్చున్న చోటు నుంచే గడప అవతలికి విసురుతుంది. అవి సరిగ్గా పట్టాలో పడుతున్నాయి. చట్రానికి కంపెనీవారు పెట్టిన నీటి రంధ్రాలు రెండే, చాలడం లేదు. ఈ ఆదివారం మరో రెండు వేయాలి.