అయ్యో పాపం అనకండి

మా పిల్లిపిల్ల బుజ్జికి కుడి వెనక కాలు లేదు. మూడు నెలల వయసులో స్కూటరు కింద నలిగితే డాక్టరుగారు తీసేయాల్సి వచ్చింది. ఇంకేం ఆడుతుందిలే అని ఇంటిల్లిపాదీ కళ్లు తుడుచుకున్నాం. కుట్లు విప్పిన వారానికే కర్టెను పట్టుకుని పైకి పాకేసింది!

అయినా నా జాలి పోలేదు. అడిగినా అడక్కపోయినా పెరుగన్నం, చేపముక్కా పెడుతూ పోయాను. బొద్దుగా తయారైంది. "నాలుగు కాళ్లు మోయాల్సిన బరువు మూడే మోస్తున్నాయి. మీ ముద్దు దాని కీళ్లకు చేటమ్మా!" అని డాక్టరుగారు కేకలేశారు. అప్పట్నుంచీ కొలిచి పెడుతున్నాను.

నిజానికి దానికి కావలసిన సాయం చిన్నదే. కుడి చెవి దురద పెడితే లేని కాలితో గోక్కోబోతుంది. తొడ ఊగుతుందే గానీ చెవి అందదు. అప్పుడు నేను గోకుతాను. క్షణంలో మళ్లీ ఉరుకు! సాయమంటే ఇదేనేమో, అందనిచోట అందించి పక్కకి తప్పుకోవడం.

ఎదురింటమ్మాయి చంకకర్రతో కాలేజీకి వెళ్తుంది. ఇన్నాళ్లూ "అయ్యో పాపం" అంటూ ఆ పిల్ల చేతిలో సంచి లాక్కునేదాన్ని. మొన్న మొదటిసారి అడిగాను, ఏం చెయ్యమంటావని.

"గేటు తీసి పట్టుకోండాంటీ, చాలు" అంది నవ్వుతూ.