గవాక్షి మూశాం, అటక నింపాం

అనంతపురం పల్లెల్లో ఇంకా మిగిలిన మట్టి మిద్దెల్లోకి వెళ్లి తలెత్తి చూస్తే, దంతెల మధ్య ఆకాశం ముక్క ఒకటి కనబడుతుంది. అదే గవాక్షి. పొయ్యి పొగ పోవడానికి, వెలుగు రావడానికి పెట్టుకున్న కంత. వానొస్తే ఎవరో ఒకరు మిద్దెక్కి దాన్ని మూసి రావాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే సీమలో ఆ శ్రమ ఎన్నిసార్లని! ఇప్పుడు స్లాబు ఇళ్లొచ్చాయి. కంత పోయి, ఏడడుగుల ఎత్తున అటక వచ్చింది. టీవీతో వచ్చిన అట్టపెట్టె, అందులోని థర్మోకోల్, పాత స్పాంజి పరుపు, గోనె సంచులు, పిల్లల పదో తరగతి పుస్తకాలు, పారేయడానికి మనసొప్పని ప్లాస్టిక్ బిందెలు అన్నీ దాని మీదికే. అగ్నిప్రమాదం అనగానే మన చూపు గ్యాస్ సిలిండర్ మీద పడుతుంది. దాన్ని చూడొద్దని కాదు, దాని నెత్తిన ఉన్నదాన్ని కూడా చూడమని నా వాదన.

నిప్పు కింద పుట్టినా వేడి పైకే పోతుంది. పొగ స్లాబుకు తగిలి, దారి లేక పక్కలకు పాకి, గోడలు అడ్డొచ్చాక పొరలా కిందికి దిగుతుంది. నేల దగ్గర మనిషి ఓర్చుకోగల వేడి ఉన్నప్పుడే కప్పు కింద వందల డిగ్రీలు ఉండొచ్చు. అటక సామాను ఉండేది సరిగ్గా ఆ పొరలో. అది 500, 600 డిగ్రీలకు చేరిందంటే మంట తగలకుండానే గదిలోని వస్తువులు దాదాపు ఒకేసారి అంటుకుంటాయి. వేసవి గాలికి తేమంతా ఆరిపోయిన అట్ట, గోనె అందుకోవడానికి ఎంతోసేపు పట్టదు. అంతదాకా రాకముందే పొగ ప్రాణం తీస్తుంది. స్పాంజి పరుపు కాలితే కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు సయనైడ్ వాయువు కూడా పుడుతుంది. సికింద్రాబాద్‌లో 2022 సెప్టెంబర్ 12న కింది ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో నిప్పు రేగితే, మెట్ల దారిన ఎగబాకిన పొగ పై అంతస్తుల లాడ్జిని ముంచేసి 8 మందిని బలిగొంది. హైదరాబాద్ గుల్జార్‌హౌజ్‌లో 2025 మే 18న 17 మంది పోయారు. అక్కడా ఊపిరాడనివ్వనిది పొగే. అవి అటక మంటలు కావు, నిజమే. కానీ పొగకు బయటికి దారి లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కాంక్రీటు కాలదు కదా అంటారు. కాలదు, అందుకే వేడి లోపలే ఉండిపోతుంది. పాత మిద్దె కూడా మట్టి, చవుడు కప్పిందే. తేడా కంతలో ఉంది, నెత్తిన పెట్టుకున్న సామానులో ఉంది. ఆ మిద్దెలు ముసురుకు కూలి మనుషులను చంపలేదా అంటే, చంపాయి. వాటిని మళ్లీ కట్టమని ఎవరూ అడగరు. కంత ఉంటే మంటకు గాలి అందదా అన్నది మాత్రం గట్టి ప్రశ్న. అందుతుంది. అమెరికాలో అగ్నిమాపక సిబ్బంది ఇంటి కప్పు కోసి పొగ వదిలేటప్పుడు నీళ్ల పైపు సిద్ధంగా పెట్టుకునేది అందుకే. కాబట్టి వెంటిలేటర్ మంటను ఆర్పుతుందని నేననను; పొగ పొర నెమ్మదిగా దిగితే పాకుతూ బయటపడడానికి నాలుగు క్షణాలు దొరుకుతాయి, అంతే. వెళ్తూ తలుపు లాగేస్తే మంటకు గాలి తగ్గుతుంది. మంట బలాన్ని తగ్గించే పని మాత్రం అటక దగ్గరే, అదీ నిప్పు పుట్టకముందే జరగాలి. మనమేమో ఏసీ చల్లదనం పోతుందని వెంటిలేటర్‌కు అట్ట అతికిస్తాం, హాలుకు ఫాల్స్ సీలింగ్ బిగించి ఆ సందులో వైర్లు దాచేస్తాం. అక్కడ వైరు కాలినా వాసన వచ్చేదాకా తెలియదు.

ప్రభుత్వం చూసుకుంటుందిలే అనుకోవడానికీ లేదు. అగ్నిమాపక శాఖ అనుమతి కావలసింది 18 మీటర్లు, ఆపైన ఎత్తున్న నివాస భవనాలకు. మన వీధుల్లోని రెండు మూడంతస్తుల ఇళ్లకు ఆ తనిఖీ లేదు. ఇంటి అటక చూడాల్సింది ఇంటివాళ్లే.

ఎండలు ముదరకముందే ఒక ఆదివారం నిచ్చెన వేయండి. ముందు పొయ్యి మీది అటక, తర్వాత వైర్లు పోయే మూల. పరుపు, థర్మోకోల్, అట్టపెట్టెలు దించేయండి. ఇత్తడి గుండిగలు, స్టీలు డబ్బాలు ఎన్నయినా ఉండనివ్వండి, అవి అంటుకోవు. దిగేముందు వెంటిలేటర్‌కు అతికించిన అట్ట పీకేయండి. అగ్నిమాపక కేంద్రం నంబరు 101.