ఒక టీచరమ్మ, ఒక పీరియడ్, ఒక గది: మన ఆడపిల్లల బడికి ఇవి కావాలి!

కాచిగూడ, నింబోలిఅడ్డ, చప్పల్ బజార్, బర్కత్‌పుర, సుల్తాన్ బజార్ తల్లిదండ్రులకు, బడి పెద్దలకు విన్నపం



ఇరవై ఎనిమిదేళ్లు సర్కారు బడుల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. కాచిగూడలోనే ఉంటాను. పొద్దున స్టేషన్ రోడ్డు మీద బ్యాగులు వేసుకుని గుంపులుగా పోయే ఆడపిల్లల్ని చూస్తే ఇప్పటికీ మనసు బడిలోకే పోతుంది. వాళ్ల కోసమే ఈ కరపత్రం మీ చేతిలో పెడుతున్నాను.

చెప్పదలచుకున్నది ఒక్కటే. మన బడుల్లో టీచరమ్మలు ఉన్నారు. అయితే కష్టం వచ్చిన గడియలో ఆమె దగ్గరికి పోయే వీలు ఆడపిల్లకు లేదు. పిల్లను కూర్చోబెట్టుకుని వినే తీరిక టీచరమ్మకు లేదు. ఆ వీలు, ఆ తీరిక ఎవరి దయ మీదా ఆధారపడకూడదు. వాటిని బడి టైంటేబుల్‌లో రాసిపెట్టాలని అందరం కలిసి అడుగుదాం.

హాజరు పట్టీలో కనిపించిన సంగతి

చాలా ఏళ్ల కింద ఒక హైస్కూల్లో ఎనిమిదో తరగతికి క్లాస్ టీచర్‌గా ఉన్నాను. నెలాఖరున హాజరు పట్టీ కూడుతుంటే ఒక పిల్ల వరుస దగ్గర నా పెన్ను ఆగింది. జులైలో వరుసగా నాలుగు ‘ఎ’లు. ఆగస్టులో నాలుగు. సెప్టెంబరులో మళ్లీ నాలుగు, దాదాపు అదే వారంలో. చురుకైన పిల్ల. ఆ నాలుగు రోజుల్లో చెప్పిన పాఠం తప్ప మిగతావన్నీ ఒంటిచేత్తో చేసేది. ‘బోర్డు దగ్గరికి పిలిస్తే లేవదు, మొండిది’ అని స్టాఫ్‌రూమ్‌లో ఒక మాట ఉండేది. నేనూ ఆ మాట విని ఊరుకున్నదాన్నే.

బడి విడిచాక ఆపి అడిగాను. తల ఎత్తలేదు. చాలాసేపటికి నోరు విప్పింది.

“బాత్‌రూముకు గొళ్లెం లేదు మేడం. బోర్డు కాడికి పిలుస్తరేమోనని భయం. గందుకే ఆ నాలుగు దినాలు ఇంట్లనే ఉంటున్న.”

ఇంటికి పోయి లెక్క వేశాను. నెలకు నాలుగు చొప్పున పది నెలల బడికి నలభై రోజులు. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు ఉండాలంటుంది. అంటే ఒక గొళ్లెం లేక ఆ పిల్ల చదువులో ఐదో వంతుకు దగ్గరగా పోతోంది. ఆ ఐదో వంతు మార్కుల్లో తగ్గినప్పుడు మనం అనే మాట ఏమిటి? ‘ఆడపిల్లలకు లెక్కలు రావు.’

వడ్రంగిని పిలిపించి గొళ్లెం పెట్టించాం. నా బీరువాలో కింది అర ఖాళీ చేసి ప్యాడ్లు, ఒక జత యూనిఫాం, సబ్బు, పాత పేపర్లు, పిన్నీసులు పెట్టాను. ఎవరినీ అడగకుండా తీసుకోవచ్చని చెప్పి తాళంచెవి క్లాసు లీడర్ అమ్మాయి చేతికిచ్చాను. నవంబరు పట్టీలో ఆ వరుసలో ఒక్క ‘ఎ’ కూడా లేదు. సంక్రాంతి సెలవులు అయ్యాక ఒకరోజు చక్రవడ్డీ లెక్క బోర్డు మీద రాసి, ఎవరు చేస్తారని చాక్‌పీసు చూపిస్తే ఆ పిల్లే లేచింది. “నేను చేస్త మేడం” అంది.

గొళ్లెం పెట్టించడం సారు వల్ల కాదా అని మీరు అడగవచ్చు. తప్పకుండా అవుతుంది. కానీ గొళ్లెం లేదన్న మాట ఆ పిల్ల సారుకు చెప్పలేదు, చెప్పేదీ కాదు. మాట బయటికి వస్తేనే కదా పని జరిగేది!

పరిశోధన ఏం తేల్చింది?

ఇది నా ఒక్కదాని అనుభవం అనుకోకండి. కార్తీక్ మురళీధరన్, కేత్కీ సేఠ్ అనే ఆర్థికవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోని సర్కారు ప్రాథమిక బడుల నుంచి ఐదేళ్ల పాటు సేకరించిన పరీక్షల ఫలితాలను పరిశీలించారు. వారి అధ్యయనం 2016లో అచ్చయింది. లెక్కల్లో, భాషలో ఆడపిల్లలు ఏటా కొంచెం కొంచెం మగపిల్లల కంటే వెనకబడుతున్నారని అందులో తేలింది. టీచరమ్మ చెప్పిన ఏడాది మాత్రం, సారు చెప్పిన ఏడాదితో పోలిస్తే, ఆడపిల్లలు మెరుగ్గా నేర్చుకున్నారు. మరి మగపిల్లలు నష్టపోయారా? పోలేదు. టీచరమ్మ దగ్గర వాళ్ల చదువూ ఏమాత్రం తగ్గలేదు.

ఒక్క ఏడాదిలో వచ్చిన ఆ లాభం చిన్నదే. అయితే పిల్ల ఏటేటా జారుతున్న చోట ఏటేటా అందే చెయ్యి చిన్నదేమీ కాదు.

ఈ దారి మన పెద్దలు వేసిందే

కాచిగూడ చౌరస్తా నుంచి నారాయణగూడ వైపు నడవండి. నిజాం రాజ్యంలో పై చదువులు ఎక్కువగా ఉర్దూలో సాగుతున్న రోజుల్లో, 1928లో, మాడపాటి హనుమంతరావు గారు అక్కడ ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పే బడి పెట్టించారు. ఇక్కడి సర్కారు గుర్తింపు దొరక్కపోతే, కర్వే పండితుడు 1916లో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికి దాన్ని అనుబంధం చేశారు. పట్నంలో దొరకని గుర్తింపును మహారాష్ట్ర నుంచి తెచ్చారు తప్ప బడి మూయలేదు. ఆ బడిలో చదివిన ఆరుట్ల కమలాదేవి తర్వాత తెలంగాణ సాయుధ పోరాటంలో నిలిచారు. 1952లో ఆలేరు నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు.

ఇటు కోఠి వైపు నడిస్తే మహిళా కళాశాల. 1924లో నాంపల్లిలో మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చాక 1949లో బ్రిటిష్ రెసిడెన్సీ భవనంలోకి వచ్చింది. ఇవాళ అది చాకలి ఐలమ్మ పేరున విశ్వవిద్యాలయం. దొరలు కొలువు తీరిన మేడ ఆవరణలో మన ఆడబిడ్డలు పాఠాలు వింటున్నారు.

విద్యానగర్‌లో ఆసుపత్రికి పేరైన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిని గుర్తు చేసుకోండి. తానే చిన్నపిల్లగా ఉన్నప్పుడు చుట్టుపక్కల ఆడవాళ్లకు హిందీ నేర్పడానికి బడి పెట్టిన మనిషి. 1958లో కేంద్ర ప్రభుత్వం స్త్రీవిద్య మీద వేసిన జాతీయ కమిటీకి ఆమే అధ్యక్షురాలు. ఆడపిల్లల చదువు ముందుకు సాగాలంటే టీచరమ్మలు పెరగాలని ఆ కమిటీ గట్టిగా చెప్పింది. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత వచ్చిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పథకం, ప్రాథమిక బడిలో కనీసం ఇద్దరు టీచర్లు ఉండాలని, వీలైనంత వరకు అందులో ఒకరు మహిళ కావాలని కోరింది.

పుణెలో 1848లో ఆడపిల్లలకు పాఠం చెప్పడానికి బయల్దేరిన సావిత్రీబాయి ఫూలే మీద దారి పొడుగునా పేడ, మట్టి విసిరేవారు. అందుకే ఆమె సంచిలో ఇంకో చీర పెట్టుకుని వెళ్లేది. ఆమె పుట్టిన జనవరి 3ను మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా జరపాలని తెలంగాణ ప్రభుత్వం 2025లో ఉత్తర్వులిచ్చింది. ఆ రోజు దండలు వేస్తాం, మంచిదే. కానీ ఆ తల్లి సంచిలోని రెండో చీరకు అసలైన వారసత్వం ఇవాళ్టి బడి బీరువాలో ఆడపిల్ల కోసం ఉండాల్సిన రెండో జత యూనిఫాం.

టీచరమ్మలు ఉన్నారు కదా, ఇంకేం కావాలి?

దేశంలోని బడి టీచర్లలో ఇవాళ సగానికి పైగా ఆడవాళ్లే. 2024 అక్టోబరు 9న మనకు కూతవేటు దూరంలోని ఎల్‌బీ స్టేడియంలో 10,006 మంది కొత్త టీచర్లు నియామక పత్రాలు అందుకున్నారు. వాళ్లలో మన ఆడబిడ్డలు ఎందరో! సంతోషించాల్సిన విషయమే.

అయితే బడి లోపల ఆ టీచరమ్మకు ఏ పని అప్పగిస్తున్నామో చూడండి. నేను పనిచేసిన చోట్ల పదే పదే కనబడింది ఇదే: అతిథులు వస్తే బొట్టు, పళ్లెం, ముగ్గు ఆమెకు, సైన్స్ ల్యాబ్ తాళాలు, పరీక్షల బాధ్యత సారుకు. చిన్న తరగతులు ఆమెకు. పదో తరగతి లెక్కలు సారుకు. లీజర్ పీరియడ్ వచ్చిందంటే సబ్‌స్టిట్యూషన్. మధ్యాహ్నం భోజనం లెక్కలు, ఆన్‌లైన్ వివరాలు, ఓటరు జాబితా పని, సర్వే పని. ఇంతలో తలుపు దగ్గర ఒక పిల్ల వచ్చి నిలబడితే, ‘తర్వాత రా’ అనక తప్పని బతుకు. ఆ పిల్ల మళ్లీ రాదు.

పదో తరగతిలో ఉండగానే సంబంధం కుదిరిన పిల్ల ఉంటుంది. ఆటోలో, గల్లీలో, కొన్నిసార్లు ఇంట్లోనే ఎవరో ఇబ్బంది పెడుతున్న పిల్ల ఉంటుంది. పద్దెనిమిదేళ్లు నిండకుండా ఆడపిల్లకు పెళ్లి చేయడం 2006 చట్టం ప్రకారం నేరం. లైంగిక వేధింపు గురించి తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం అంటోంది. 1098కు ఎవరైనా ఫోన్ చేయవచ్చు. ఈ చట్టాలన్నీ కదలాలంటే ముందు ఒక పిల్ల ఒక మనిషిని నమ్మి నోరు తెరవాలి. ఆ మనిషి ఎక్కడ కూర్చుంటుందో, ఎప్పుడు దొరుకుతుందో ఆ పిల్లకు తెలిసి ఉండాలి.

మనం అడుగుతున్నవి

1. ఆడపిల్లలు చదివే ప్రతి సర్కారు, ఎయిడెడ్, ప్రైవేటు హైస్కూల్లో ఆరు నుంచి పది తరగతుల బాలికలకు బాధ్యురాలిగా ఒక టీచరమ్మను రాతపూర్వకంగా నియమించాలి. ఆమె పేరు నోటీసు బోర్డు మీద ఉండాలి.

2. ఆమెకు వారానికి ఒక పీరియడ్ ఇందుకే కేటాయించాలి. ఆ పీరియడ్‌లో సబ్‌స్టిట్యూషన్ వేయకూడదు, ఆఫీసు పని అప్పగించకూడదు.

3. తలుపు, గొళ్లెం, బీరువా ఉన్న ఒక చిన్న గది ఇవ్వాలి. ప్యాడ్లు, సబ్బు, ఒక జత యూనిఫాం ఎప్పుడూ ఉండాలి. ఆడపిల్లల బాత్‌రూములో నీళ్లు, గొళ్లెం, చెత్తబుట్ట ఉన్నాయో లేదో వారం వారం చూసే అధికారం ఆమెకు ఉండాలి.

4. బదిలీలు, సర్దుబాట్లు జరిగినప్పుడు హైస్కూల్లో లెక్కలకో సైన్సుకో ఒక టీచరమ్మ ఉండేలా చూడాలి. ఆటలకు కూడా మహిళా పీఈటీ కావాలి. లెక్క చేసే చెయ్యి, బంతి విసిరే చెయ్యి ఆడచెయ్యి కావచ్చని పిల్లలు కళ్లతో చూడాలి. ఇది మగపిల్లలకూ అవసరమే.

5. ఈ బాధ్యత తీసుకున్న టీచరమ్మకు పోక్సో, బాల్యవివాహ చట్టాల మీద, పిల్లలతో మాట్లాడే పద్ధతి మీద శిక్షణ ఇప్పించాలి. పెళ్లి ఆపిందని, ఫిర్యాదు చేసిందని ఆమె మీదికి ఎవరైనా వస్తే హెడ్‌మాస్టరు, బడి కమిటీ, అధికారులు ఆమె వెనక నిలబడాలి.

కొందరు అనే మాటలకు జవాబు

‘సార్లను అనుమానిస్తున్నారా?’ లేదు. నాకు లెక్కలంటే ఇష్టం పుట్టించింది ఒక సారే. ఎందరో సార్లు తమ సొంత బిడ్డల్లా పిల్లల్ని చూసుకున్నారు. టీచరమ్మకు ఒక పీరియడ్ ఇవ్వడం వల్ల సారు గౌరవానికి లోటు రాదు. పైగా, చెప్పుకోలేని కష్టం ఉన్న పిల్లను మొండిదనుకునే పొరపాటు నుంచి ఆయన కూడా బయటపడతాడు.

‘ఆడవాళ్లు సెలవులు ఎక్కువ పెడతారు.’ ప్రసూతి సెలవు ఉద్యోగినికి ఉన్న హక్కు. ఆ రోజుల్లో బదులు మనిషిని పెట్టడం శాఖ బాధ్యత. బిడ్డను కని, పెంచి, ఉద్యోగం చేస్తున్న ఆడమనిషిని రోజూ ఎదురుగా చూడడం కూడా ఆడపిల్లకు ఒక పాఠమే.

‘డబ్బులు ఎక్కడివి?’ గొళ్లేనికీ బీరువాలో ఒక అరకూ ఎంతవుతుంది? ఒక పీరియడ్‌కు పైసా ఖర్చు లేదు, హెడ్‌మాస్టరు సంతకం చాలు.

మీరు చేయాల్సింది

2024 నుంచి మన సర్కారు బడుల్లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉన్నాయి. బస్తీ మహిళా సంఘాల అక్కచెల్లెళ్లు వాటిలో ఉన్నారు. అక్కా, సంతకం అడిగినప్పుడు పెట్టి రావడంతో సరిపెట్టకు. పైన రాసిన అయిదింటినీ వచ్చే సమావేశంలో తీర్మానంగా రాయించు. మినిట్స్ పుస్తకంలో ఎక్కేదాకా కుర్చీలోంచి లేవకు. తీర్మానం ప్రతిని జిల్లా విద్యాధికారికి పంపించు.

నాన్నలారా, తల్లిదండ్రుల సమావేశం అంటే అమ్మ పని అనుకోకండి. కూతురి బడిలో నాన్న నిలబడి అడిగితే ఆ మాటకు వేరే బరువు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన నా చెల్లెళ్లారా, ముగ్గు మీరే వేయండి, అభ్యంతరం లేదు. కానీ ల్యాబ్ తాళాలు కూడా అడిగి తీసుకోండి. పదో తరగతి లెక్కలు మేం చెబుతామని హెడ్‌మాస్టరు ముందు నోరు తెరిచి చెప్పండి. తలుపు దగ్గర పిల్ల నిలబడితే ‘తర్వాత రా’ అనకండి.

చివరగా తల్లులందరికీ ఒక చిన్న పని. ఈ నెలాఖరున బడికి వెళ్లి మీ అమ్మాయి హాజరు పట్టీ చూపించమని అడగండి. ‘ఎ’లు వరుసగా ఉన్నాయేమో, ప్రతి నెలా అదే వారంలో ఉన్నాయేమో వేలు పెట్టి చూడండి. ఉంటే అక్కడే, అప్పుడే, టీచరమ్మను పిలిచి మాట్లాడండి. మన పని ఆ వరుస దగ్గరే మొదలవుతుంది.

— కాచిగూడలో ఉండే ఒక రిటైర్డు లెక్కల టీచరమ్మ

(చదివాక పారేయకండి. పక్కింటి ఆడపిల్ల తల్లి చేతికివ్వండి.)