ఆటలకు ప్రవేశ రుసుము

ఈ సంవత్సరము మన సంఘ కబడ్డీ పోటీలకు తలకు 20 రూపాయల ప్రవేశ రుసుము విధింపవలెనని కార్యవర్గము తలపోయుచున్నది. జీతము లేక ఆడువారి ఆటకు టిక్కెట్టేమని కొందరు సభ్యులు కోపగించుచున్నారు.

ఈ తగవు క్రొత్తది కాదు. ఇంగ్లండులోని హడర్స్‌ఫీల్డు మన షోలాపూరువలెనే నేతపనికి పేరుగన్న ఊరు, అచటిది ఉన్ని. ఆ ప్రాంతపు రగ్బీ ఆటలకు వేలాది జనులు గేటువద్ద డబ్బు చెల్లించెడివారు. కాని శనివారము పని మానుకొని ఆడిన కార్మికునకు పోయిన కూలి నిచ్చుటకు నిబంధనలు ఒప్పుకొనలేదు. అందుచేతనే 1895 ఆగస్టు 29న ఆ ఊరి జార్జి హోటలులో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై వేరుపడినవి. రగ్బీ లీగు పుట్టుక అదియే. 1973లో ఔత్సాహిక ఆటగాండ్రకు ప్రత్యేక సంఘము ఏర్పడినదియు ఆ ఊరిలోనే.

మన కుర్రవారిలో పలువురు మరమగ్గములపై పనిచేయువారు. ఒకపూట మగ్గము విడిచినచో ఆ పూట కూలి లేదు. గత పోటీలలో చేయి విరిగిన బాలునకు కట్టు కట్టించుటకు చందాలెత్తవలసివచ్చినది. పందిరికి, మైకుకు మాత్రము డబ్బు ముందే సిద్ధము! అంగడి నడుపువారము గనుక లెక్కలలోని ఇట్టి వంకరలు మాకు త్వరగా కనబడును.

కావున రుసుము ఉండవలసినదే. 20 వలదు, 10 చాలును. బీడీలు చుట్టు తల్లులకును, పిల్లలకును ఉచితము. సొమ్ము ముందు గాయపడినవారి వైద్యమునకు, పిమ్మట పోయిన కూలికి, మిగిలినచో పందిరికి. కూలి నిచ్చినచో ఆట చెడునందురేమో. ఆకలితో ఆడించినచో బాగుపడునా? మరుసటి ఆదివారమే జమాఖర్చులు సంఘ భవనపు పలకపై వ్రాయవలెను. కార్యవర్గమువారును, మేమును టిక్కెట్టు కొనియే లోపలికి పోవుదుము.