ఏది మరిచిపోవాలో ముందే తేల్చుకోండి

"డిస్కు చవకైపోయింది, లెక్కలన్నీ దాచేయండి, తర్వాత చూసుకోవచ్చు" అనే సలహా ఈ వారం మళ్లీ చెవిన పడింది. సర్వర్ల మీది భారం, నెట్‌వర్క్ రద్దీ, గది ఉష్ణోగ్రత ఇలా రాత్రింబవళ్లు వచ్చిపడే అంకెలకు ఇంతకంటే మంచి పద్ధతి పాతికేళ్ల కిందటే వచ్చింది. స్విట్జర్లాండ్‌కు చెందిన టోబియాస్ ఓటికర్ 1999లో విడుదల చేసిన ఆర్‌ఆర్‌డీటూల్‌లో, ఫైలు సృష్టించిన రోజున ఎంత సైజు ఉంటుందో పదేళ్ల తర్వాతా అంతే ఉంటుంది. గడులన్నీ నిండాక కొత్త విలువ అన్నిటికంటే పాతదాని చోటులో చేరుతుంది. అర్ధరాత్రి డిస్కు నిండిపోయి, నిఘా పెట్టిన వ్యవస్థే కూలే ప్రమాదం ఉండదు. అంతకు మించిన మేలు ఇంకొకటుంది. ఎన్ని నిమిషాలకో విలువ కావాలి, దాన్ని ఎన్నాళ్లు ఉంచాలి, ఆ తర్వాత ఎలా కుదించాలి అన్నవి మొదటిరోజే చెప్పాలి. ఆలోచించకుండా ఫైలు పుట్టదు.

చాలామంది ఆ ఆలోచనను పాత ఉదాహరణలకు వదిలేస్తారు. ఐదు నిమిషాల విలువలు 600, అరగంట సగటులు 700, రెండు గంటలవి 775, రోజువారీవి 797: ఓటికర్ తొలి పనిముట్టు ఎంఆర్‌టీజీ నాటి ఈ అమరికను యథాతథంగా ఎత్తి రాసుకుంటారు. అంటే అసలు వివరం 50 గంటలు మాత్రమే దక్కుతుంది. సోమవారం పొద్దున వచ్చిన తంటా మీద గురువారం విచారణ మొదలుపెడితే చేతిలో మిగిలేవి అరగంట సగటులే. సగటు ఎంత దాచేస్తుందో చూడండి. రోజంతా 10 శాతం వాడకంలో ఉన్న లైను ఒక్క అరగంట నూటికి నూరు శాతం నిండిందనుకుందాం. ఆ రోజు సగటు దాదాపు 12 శాతం. ఆ అరగంటలో పని ఆగిపోయినవాళ్ల ఫిర్యాదుకు గ్రాఫులో సాక్ష్యమే ఉండదు. అందుకే సగటుతోపాటు గరిష్ఠాన్నీ దాచాలి. ఫైలు సైజు రెట్టింపవుతుంది, కానివ్వండి. గరిష్ఠం లేని నిఘాను నిఘా అనడానికి నేను ఒప్పుకోను.

పాత వివరం మళ్లీ కావాలంటే ఎలా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ సైజు స్థిరమైనంత మాత్రాన చిన్నదై ఉండాలని ఎవరూ అనలేదు. ఐదు నిమిషాల విలువలను ఏడాదంతా ఉంచితే 1,05,120 అంకెలు. ఒక్కోదానికి 8 బైట్ల చొప్పున ఎనిమిదిన్నర లక్షల బైట్లలోపే. డిస్కు చవక అన్న వాదన నిజానికి ఇక్కడ పనికొస్తుంది: ఆ చవకదనాన్ని మొదటి వరుస గడులు పెంచడానికి వాడండి. బిల్లులకు, ఆడిట్లకు అసలు రికార్డు కావాలి, అది వేరే చోట ఉండాల్సిందే. ఇక ఎంత దాచినా కొలతే తప్పయితే ఫలితం లేదు. 32 బిట్ల బైట్ల కౌంటరు నిండా నడుస్తున్న గిగాబిట్ లైను మీద 34 సెకన్లకోసారి మళ్లీ సున్నాకు వస్తుంది. ఐదు నిమిషాలకోసారి చదివేవాడికి ఎన్ని చుట్లు తిరిగిందో తెలియదు. అక్కడ 64 బిట్ల కౌంటరు తప్ప దారి లేదు. విలువ అందనప్పుడు ఆర్‌ఆర్‌డీటూల్ సున్నా వేయదు, తెలియదని రాసుకుంటుంది. గ్రాఫులో ఆ ఖాళీ చూసి కంగారుపడి సున్నాలతో పూడ్చేవాళ్లున్నారు. అది లెక్కను చెడగొట్టడమే.

ఈ సగటుల జబ్బు సర్వర్ల గదికే పరిమితమైతే ఇంత రాయాల్సిన పని లేదు. మన వర్షపు లెక్క చూడండి. వాతావరణ శాఖ ఉదయం 8.30తో ముగిసే 24 గంటల మొత్తాన్ని ఇస్తుంది, పత్రికలు ఆ ఒక్క అంకెనే అచ్చేస్తాయి. పది సెంటీమీటర్లు రోజంతా జల్లుగా పడితే చెరువుకు మేలు. అదే రెండు గంటల్లో పడితే హైదరాబాద్ లోతట్టు బస్తీల్లో ఇళ్లలోకి నీళ్లు. రెండిటికీ పేపర్లో ఒకే అంకె. నాలా పొంగేది రోజు మొత్తాన్ని బట్టి కాదు, ఆ గంట ఉధృతిని బట్టి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్వయంచాలక వాతావరణ కేంద్రాలున్నాయి, కొలత జరుగుతూనే ఉంది. రోజు మొత్తం పక్కన ఆ రోజు అన్నిటికంటే జోరుగా కురిసిన గంట లెక్కను కూడా వేయడానికి పట్టికలో ఇంకొక్క గడి చాలు.