మరిచిన మరచెంబు

పదకొండు రోజుల తీర్థయాత్ర ముగించుకుని ఒక ఇత్తడి మరచెంబు ఈ మధ్యే గోదావరి జిల్లాలోని సొంతింటికి చేరుకుంది. పెద్దగా దెబ్బలేం తగల్లేదు. మూత మర కొంచెం బిగుసుకుంది, అంతే. దాని వెంట వచ్చిన కాగితంలో మాత్రం ‘పాత గుడ్డ సంచి ఒకటి, ఇత్తడి పాత్ర ఒకటి, అంచనా విలువ రూ. 200’ అని రాసి ఉంది. ఈ వారం ఈ శీర్షిక రాసేవాడికి తిక్కరేగింది ఆ రెండొందల దగ్గరే.

మరచెంబు ఎరగని కుర్రకారు కోసం ఒక్క మాట. ప్లాట్‌ఫారం మీద నీళ్ల సీసాలు అమ్మని కాలంలో ప్రయాణమంటే ముందు బయటికి తీసేది దాన్నే. బొజ్జ గుండ్రంగా, మెడ పొట్టిగా, మూత మర తిప్పి బిగించేలా ఉంటుంది. ఎంత కుదిపినా చుక్క కారదు. ఈ చెంబు యజమానురాలికి డెబ్బై ఆరేళ్లు. పుట్టింటివాళ్లు సారెలో పెట్టిన సామానంతా ఒక్కొక్కటే చేతులు మారిపోగా మిగిలింది ఇదొక్కటే. కూతురింటికి వెళ్లినా, కాశీ వెళ్లినా ఇది వెంట ఉండాల్సిందే.

ఈసారి కూతురి దగ్గర్నుంచి తమ్ముణ్ణి తోడు తీసుకుని తిరిగొస్తున్నారు. తెల్లవారుజామున నాలుగున్నరకి దిగాలి. బండి అక్కడ ఆగేది ఒక్క నిమిషం. సూట్‌కేసులు రెండు, పళ్ల బుట్ట, మందుల సంచి అని తమ్ముడు లెక్కపెట్టి మరీ దించాడు. కింది బెర్త్ అడుగున, ఎవరివో బూట్ల వెనక్కి జరిగిపోయిన గుడ్డ సంచి ఆ లెక్కలోకి రాలేదు. ఆటో ఎక్కాక దాహమేసింది. అప్పుడు గుర్తొచ్చింది.

తమ్ముడు బ్యాంకులో గుమస్తాగా రిటైరైన మనిషి. కంగారుపడలేదు. వెంటనే రైల్వే సహాయ నంబరు 139కి ఫోను కొట్టి పీఎన్ఆర్, కోచ్, బెర్త్ నంబర్లు చెప్పాడు. ఇది సరైన పనే. ఇదివరకు రైల్వే భద్రతకి విడిగా ఉన్న 182 కూడా 2021లో దీంట్లోనే కలిసిపోయింది. రైల్ మదద్ యాప్‌లో రాసినా ఫిర్యాదు వెళ్లేది అక్కడికే. ఏ కోచ్, ఏ బెర్త్, ఎన్నింటికి దిగారు అన్నవి చెప్పగలిగితే ముందున్న స్టేషన్‌లో రైల్వే రక్షక దళం (ఆర్పీఎఫ్) వాళ్లు బండెక్కి చూస్తారు. చాలాసార్లు దొరుకుతుంది కూడా. ఈసారి మాత్రం ముందు స్టేషన్‌లో ఎవరూ ఎక్కినట్టు లేదు. బండి ఒడిశాలోని చివరి స్టేషన్‌దాకా వెళ్లిపోయింది. అక్కడ బోగీ ఊడ్చేవాళ్లు సంచి తీసి అప్పగించారు. అప్పగించారన్న సంగతి తమ్ముడికి తెలిసింది ఆరో రోజున, తనే నాలుగోసారి ఫోను చేశాక.

రైల్వేని ఆడిపోసుకునే ముందు చట్టం ఏమంటుందో చెప్పడం ధర్మం. 1989 నాటి రైల్వే చట్టంలో నూరో సెక్షన్ ఉంది. బుక్ చేసి రసీదు తీసుకున్న సామానుకే రైల్వే పూచీ. ప్రయాణికుడు తన వెంట పెట్టుకున్నది పోతే, అది సిబ్బంది నిర్లక్ష్యం వల్లో దుష్ప్రవర్తన వల్లో పోయిందని రుజువు చేస్తే తప్ప రైల్వేకి సంబంధం లేదు. నడుముకి కట్టుకున్న లక్ష రూపాయలు రైల్లో పోయాయని ఒక వ్యాపారి వినియోగదారుల ఫోరానికి ఎక్కితే, ఆ కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. తన సొత్తును తాను కాపాడుకోలేనప్పుడు అది రైల్వే సేవలో లోపం కాదని కోర్టు 2023 జూన్‌లో తేల్చేసింది. సరే, ఒప్పుకుందాం. సంచి మరిచిపోయింది పెద్దావిడే. నష్టపరిహారం ఎవరూ అడగడం లేదు.

అడిగేదల్లా ఒకటే. దొరికాక ఒక ఫోను.

ఆ బెర్త్ మీద ఆ రాత్రి ఎవరు పడుకున్నారో రైల్వేకి తెలీదా? చార్టులో పేరుంది, వయసుంది, ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగారో ఉంది. టీటీఈ చేతిలో ఇప్పుడు కాగితం చార్టు పోయి యంత్రం వచ్చింది, వేలితో నొక్కితే బెర్త్ చరిత్రంతా చెబుతుంది. 2025 జూలై నుంచి ఆన్‌లైన్లో తత్కాల్ టికెట్ కావాలంటే ఆధార్ చూపించాలి, ఫోనుకొచ్చే ఓటీపీ చెప్పాలి. ఇన్ని ఆరాలు తీసి టికెట్ ఇచ్చినవాళ్లు, ఆ టికెట్ మీద కూర్చున్న మనిషి సంచి దొరికితే ‘ఇది ఎవరిదో?’ అని ఆకాశం వంక చూస్తారు. ఆ పదకొండు రోజుల్లో తమ్ముడి ఫోనుకి రైలు ప్రయాణం పేరుతో వచ్చిన మెసేజీలు తక్కువేం కాదు. భోజనం ఆర్డరిస్తారా అని, ప్రయాణం ఎలా సాగిందో చెప్పమని, ఇంకేదో కార్డు తీసుకోమని. చెంబు దొరికిందన్న మెసేజీ ఒక్కటే రాలేదు.

ఏజెంటు దగ్గర కొన్న టికెట్లలో ఏజెంటు నంబరే ఉంటుందనీ, అమెరికాలో ఉన్న కొడుకు బుక్ చేస్తే కొడుకు నంబరే ఉంటుందనీ అనేవాళ్లు ఉంటారు. ఉండనీ. ఆ కొడుకైనా అమ్మకి చెబుతాడుగా.

ఆర్పీఎఫ్ వాళ్ల ‘ఆపరేషన్ అమానత్’ని ఈ శీర్షిక తక్కువ చేయడం లేదు. దొరికిన సామాన్ల ఫొటోలు జోన్ వెబ్‌సైట్‌లో పెట్టే పద్ధతి వచ్చింది. 2022లో దేశం మొత్తమ్మీద 32 వేలకు పైగా వస్తువులు, 50 కోట్ల రూపాయలకు మించిన విలువ చేసేవి, స్వాధీనం చేసుకుని ఆనవాళ్లు సరిచూసి అప్పగించామని లెక్క చెప్పారు. మంచి లెక్కే. కానీ పత్రికలకిచ్చే ప్రకటన ఏది చూడండి, రూపాయల్లోనే మాట్లాడుతుంది. ల్యాప్‌టాప్ దొరికితే ఫొటో, బంగారం గొలుసు దొరికితే ఇద్దరు జవాన్లతో కలిపి ఫొటో. రెండొందల చెంబుకి ఫొటో ఎవరు తీస్తారు? తీసినా, డెబ్బై ఆరేళ్ల ఆవిడ ఏ జోన్ వెబ్‌సైట్ తెరిచి ఏ పేజీలో వెతుక్కోవాలి?

1919లో టి.ఇ. లారెన్స్ అనే ఆంగ్లేయుడు ఇంగ్లండ్‌లోని రీడింగ్ స్టేషన్‌లో బండి మారుతూ సంచి పోగొట్టుకున్నాడు. అందులో తను రాస్తున్న పెద్ద పుస్తకం రాతప్రతి దాదాపు అంతా ఉంది. అది మళ్లీ దొరకలేదు. పాపం, మొదటినుంచి తిరగరాసుకున్నాడు. ఆ సంచే మన స్టేషన్‌లో దొరికి ఉంటే రిజిస్టర్‌లో ‘పాత కాగితాలు, విలువ లేదు’ అని పడేది.

లెక్కల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటీ చెప్పకపోతే అన్యాయం. పశ్చిమ రైల్వేలో 2021లో 1,317 మందికి చెందిన 2.58 కోట్ల విలువైన సామాను దొరికిందని ప్రకటించారు. అదే పశ్చిమ రైల్వేలో 2017-18లో ఏసీ బోగీల నుంచి 1.95 లక్షల తువ్వాళ్లు, 81 వేలకు పైగా దుప్పట్లు మాయమయ్యాయి. మనవి అక్కడ మరిచిపోతాం, అక్కడివి మాత్రం మరిచిపోకుండా తెచ్చుకుంటాం! రైల్వేవాళ్లకి ప్రయాణికుల మీద గౌరవం తగ్గడానికి ఇదీ ఒక కారణమై ఉండొచ్చు.

ఇక చెంబు విడుదల ఘట్టం. ఒడిశాలోని ఆ చివరి స్టేషన్‌కి తమ్ముడే వెళ్లాల్సి వచ్చింది, జనరల్ బోగీలో రాత్రంతా కూర్చుని. టికెట్ జిరాక్స్, అర్జీ, అక్క ఆధార్ కార్డు అన్నీ పట్టుకెళ్లాడు. అక్కడ గుమస్తా మర్యాదస్తుడే, కూర్చోబెట్టి టీ కూడా తెప్పించాడు. ‘ఈ పాత్ర మీదే అనడానికి ఆనవాలేంటి?’ అన్నాడు. ‘మెడ మీద మా అక్క పేరు చెక్కి ఉంది చూడండి’ అన్నాడు తమ్ముడు. ఉంది, తెలుగులో. గుమస్తాకి తెలుగు రాదు. అక్క ఆధార్ కార్డు మీద తెలుగు పేరు ఉంటుందిగా. కార్డు పక్కన చెంబు పెట్టి, అక్షరానికి అక్షరం వేలు పెట్టి పోల్చడం మొదలెట్టాడు. పేరు కుదిరింది. ఇంటిపేరు కుదరలేదు. చెంబు మీద ఉన్నది పుట్టింటి పేరు, కార్డు మీద ఉన్నది అత్తింటి పేరు! గుమస్తా తల అడ్డంగా ఊపాడు. అప్పుడు తమ్ముడికి తట్టింది. జేబులోంచి తన ఆధార్ తీశాడు. ఇంటిపేరు అక్కడుంది. రెండు కార్డులూ చెంబుకి చెరోపక్క పెట్టి, ఒకదాంట్లోంచి ఇంటిపేరు, ఇంకోదాంట్లోంచి పేరు కలిపి చదివించి, సంతకం పెట్టి తెచ్చుకున్నాడు. తమ్ముడు కాకుండా అల్లుడు వెళ్లి ఉంటే చెంబు ఇంకా అక్కడే ఉండేది.

చెంబుని ఇంటికి చేర్చింది 139 కాదు, అమానత్ కాదు. ఏనాడో ఉలితో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టిన కంచరి.

ఈ పేర్ల సంగతి ఎత్తితే ఈ శీర్షిక రాసేవాడు ఆగలేడని పాత పాఠకులకు తెలుసు. తెలుగిళ్లలో గిన్నెకి పేరు లేకుండా ఉండేదా? పెళ్లిలో చదివించిన స్టీలు పళ్లెం వెనక చదివించినవాళ్ల పేరు, తేదీ. బిందె మెడ మీద ఇల్లాలి పేరు. పక్కింటికి పులుసు పోసి పంపిన గిన్నె నెల తర్వాత తిరిగొచ్చినా, మూడో ఇంట్లో తేలినా ఎవరిదో తెలిసేది. పెళ్లి వంటల దగ్గర వందల గ్లాసులు కలిసిపోతే ఆడవాళ్లు బోర్లించి చదివి ఎవరివి వాళ్లకి పంచేసేవారు. ట్రంకుపెట్టె మీదైతే తెల్ల రంగుతో ఇంటిపేరు, పేరు, చదువు, ఊరు, పోస్టు, తాలూకా. బి.ఏ. అని రాసుకోవడానికే పెట్టె కొన్నవాళ్లున్నారు. ఆ పెట్టె హౌరాలో మరిచిపోయినా ఒక కార్డు ముక్క వచ్చేది. కనీసం వచ్చే వీలుండేది.

ఇప్పుడు లగేజీ కంపార్ట్‌మెంట్‌లాంటి ఏసీ బోగీలో చూడండి. ముప్ఫై సూట్‌కేసులుంటే పాతిక నల్లవి, చక్రాలవి, ఒకే కంపెనీవి. వాటికి వేలాడే చీటీలో పేరు రాసే జాగా ఉంటుంది. అందులో కంపెనీ పేరు తప్ప ఏమీ ఉండదు. పేరు రాస్తే మోటుగా ఉంటుందట! గొలుసులు, తాళాలు కొంటాం, జీపీఎస్ బిళ్లలు కొంటాం. పెన్ను తీసి పది అంకెలు మాత్రం రాయం. స్టీలు కొట్లలో గిన్నె కొంటే ఉచితంగా పేరు కొట్టిచ్చే కరెంటు మిషను కూడా చాలా చోట్ల బల్ల కిందికి వెళ్లిపోయింది. అడిగితే వెతికి తీస్తారు. తెలుగక్షరాలు కొట్టగలిగే కుర్రాడు సెలవులో ఉంటాడు.

అన్నిటికీ మూలం ఆ ఒక్క నిమిషం. రైల్వే టైంటేబుల్ తయారుచేసే పెద్దలెవరైనా మోకాళ్ల నొప్పులున్న మనిషిని వెంటబెట్టుకుని, చీకట్లో, మూడు సామాన్లతో, తలుపు దగ్గర ఎక్కడానికి తోసుకొచ్చే జనాన్ని దాటుకుని అరవై సెకన్లలో దిగి చూపించాలి. దానికి తోడు కోచ్ ఎక్కడాగుతుందో చెప్పే బోర్డు ఒకటి, బండికి ఉన్న కోచ్‌కి సంబంధం లేకుండా వెలుగుతుంది. ఎస్-ఫోర్ ఇక్కడే అని నిలబడితే ఎస్-నైన్ వచ్చి ఆగుతుంది. ఎక్కేవాళ్లు పరుగు, దిగేవాళ్లు కంగారు. మధ్యలో చిన్న సంచికి దిక్కెవరు? సిగ్నల్ లేక ఊరి బయట పొలాల్లో ఇరవై నిమిషాలు ఆగిన బండే స్టేషన్‌లో రెండో నిమిషం ఇవ్వనంటుంది. ప్లాట్‌ఫారాలకి గ్రానైటు పరుస్తున్నారు, ముఖద్వారాలకి గోపురాలు కడుతున్నారు. ఆ ఖర్చులో వీసమెత్తు కూడా అక్కర్లేని పని ఇది. గడియారంలో ఒక్క గీత జరపాలి.

పెద్దావిడ వచ్చే నెల మళ్లీ కూతురి దగ్గరికి బయల్దేరుతున్నారు. చెంబు వద్దు, సీసా కొనుక్కుందాం అన్నాడు తమ్ముడు. ‘ఒరే, అది నీకంటే ముందునుంచీ నాతో తిరుగుతోందిరా’ అన్నారావిడ. మొన్న బజారుకెళ్లి, స్టీలు కొట్టతని చేత బల్ల కిందున్న మిషను పైకి తీయించి, పేరు కింద తమ్ముడి ఫోను నంబరు కొట్టించారు. పాత చెంబు మెడ కదా, ఎనిమిది అంకెలే పట్టాయి. మిగతా రెండూ అడుగున ఉన్నాయి.